ఎం.ఏ. సీటు కోసం మదురై దాకా

మా నూజివీడులో కోయంబత్తూరు పేరు తెలియని ఇల్లు ఉండదు. వంటింట్లో గ్రైండరు మీద, తోటలో మోటారు మీద ఆ పేరే ఉంటుంది. అంతకు మించి ఆ ఊరి గురించి నాకేమీ తెలియదు. నలభై దాటాక ఎం.ఏ. చదువుతానని, అదీ కమ్యూనికేషన్ చదువుతానని, అందుకోసం ఆ ఊరు పోతానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

మా ఊరి కేబుల్ టీవీలో చాలా ఏళ్లు వార్తలు చదివాను. కరెంటు కోతలు, రసాల ధరలు, తప్పిపోయిన గేదెలు, అన్నీ నా నోటి మీదుగానే ఊళ్లోకి వెళ్లేవి. కిందటేడు ఆ ఆఫీసు మూసేశారు. విజయవాడలో ఒక రేడియోలో ఖాళీ ఉందంటే వెళ్లాను. గొంతు బాగుందన్నారు. పీజీ ఉందా అన్నారు. లేదన్నాను. మంచినీళ్లిచ్చి పంపారు.

మా ఆయన సుధాకర్‌ది మోటార్ల దుకాణం. "చదువుకో. అబ్బాయి హాస్టల్లోనే ఉన్నాడు. అన్నం నేను వండుకుంటాను, కూర సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. వెతగ్గా వెతగ్గా కోయంబత్తూరు పీలమేడులో ఒక కాలేజీ దొరికింది. వయసు అడ్డు చెప్పదు, బోధన ఇంగ్లీషులో, కాలేజీకే సొంత రేడియో కేంద్రం ఉంది. దరఖాస్తు పెట్టాను, పరీక్షకు పిలిచారు. ఈసారి రాకపోతే ఇక ప్రయత్నించేది లేదని నాకు నేనే చెప్పుకుని రైలెక్కాను.

పీలమేడు

సుధాకర్‌కు మోటార్లు పంపే వ్యాపారి వాళ్ల అక్కగారింట్లో నాకు బస. ఆమె పేరు రంగనాయకమ్మ. వాకిట్లో ఆటో దిగి, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడబలుక్కుంటుంటే ఆమే అంది:

"రామ్మా, రా. దావలో ఏమన్నా తింటివా? కూకో. కాఫీ తెస్తాను."

నేను అలాగే నిలబడిపోయాను. తెలుగు! అయితే మా తెలుగు కాదు. మా అమ్మమ్మ వాళ్లమ్మ ఇలా మాట్లాడేదేమో అనిపించే తెలుగు, మధ్యలో తమిళం పోపు వేసినట్టు.

"మీది మా వైపేనా అండీ?" అన్నాను.

ఆమె నవ్వింది. "ఏ పక్కమని సెప్పను? మా తాతకు తాత కూడ ఈ ఊరోడే. ఇంట్లో ఇట్ల మాట్లాడుకుంటాము. రాయను సదవను ఎవురికీ రాదు. బిడ్డలందురూ ఇంగ్లీషు ఇస్కూలు."

కాఫీ ఇత్తడి గ్లాసులో, వెడల్పాటి గిన్నెలో పెట్టి ఇచ్చింది. మేము కప్పును పెదవికి తగిలిస్తాం. ఇక్కడ గ్లాసు ఎత్తి నోట్లో పోసుకోవాలి. మొదటి గుక్క ముక్కుకు, రెండోది జాకెట్టుకు పోయింది. ఆమె చూడనట్టు కిటికీ వైపు తిరగడం ఆవిడ మర్యాద. భోజనంలో గోంగూర పచ్చడి చూసి ప్రాణం లేచొచ్చింది గానీ, అందులో కారం దేవుడికి చూపించి తీసేసినట్టుంది. నా బ్యాగులోని ఆవకాయ తీస్తే, ఆమె వేలి కొసతో రుచి చూసి, మజ్జిగ తాగి, కాసేపటికి కళ్లు తుడుచుకుని, "బాగుండాది" అంది.

పీలమేడు నిండా కాలేజీలే. ఒక కాలేజీ గోడ అయిపోతే ఇంకో కాలేజీ గోడ. మధ్యలో పాత మిల్లులు, కొత్త సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. తల మీదుగా విమానాలు ఎంత కిందికి వస్తాయంటే, పరీక్ష హాల్లో అందరం ఒకసారి పైకి చూశాం. నా పక్క బల్ల మీద సన్నగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి మాత్రం తల ఎత్తకుండా రాస్తూనే ఉంది. పేరు జెసింత. మదురై అమ్మాయి.

రాతపరీక్షలో నిలబడ్డవాళ్లకు సాయంత్రమే ఒక పని ఇచ్చారు. ఒక మనిషి చెప్పిన ముచ్చట రికార్డు చేసి తేవాలి. ఐదు నిమిషాలు దాటకూడదు. ఆ మనిషి మాట్లాడే భాష మన సొంత భాషే అయి ఉండాలి. ఆ వారం చివర అందరి ముందూ వినిపించి, దాన్నే ఎందుకు ఎంచుకున్నామో ఇంగ్లీషులో చెప్పాలి. అదే ఇంటర్వ్యూ.

తెలుగు మనిషి ఇంట్లోనే ఉందన్న ధీమాతో వెళ్లి రంగనాయకమ్మను అడిగాను. ఆమె రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "నా తెలుగు ఇంటే మీ కాలేజీలో నవ్వుదురు. నన్ను ఇడిసిపెట్టు. పెరియకుళంలో మా ఇంగో తమ్ముడుండాడు. మామిడితోట. వాడు మాట్లాడను మొదలుపెడితే నీకు ఆపను కూడ కాదు."

పెరియకుళం ఎటో నాకు తెలియదు. తమిళం ఒక్క ముక్క రాదు. మర్నాడు కాలేజీలో జెసింత కనిపిస్తే నా ఇబ్బంది చెప్పాను. తాను మదురైకి ఇంటికి వెళ్తున్నానని, పెరియకుళం దాకా తోడు వచ్చి అక్కణ్ణుంచి మదురై పోతానని ఇంగ్లీషులో చెప్పింది. మాట్టుతావణి మార్కెట్లో కూరలమ్మే ఆవిడ దగ్గర తమిళంలో రికార్డు చేస్తుందట. "మీరు కూడా మదురై రండి. మా ఇంట్లో ఉండొచ్చు" అంది. ముక్కూ మొహం తెలియని పెద్దదాన్ని అలా పిలిచేసింది.

పెరియకుళం

తేని ఊరికి వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, దారి పొడుగునా ఊళ్ల పేర్లు చెప్పింది జెసింత. గాలిమరలు దాటాక పళని కొండ కనిపించింది. ఒక స్టాపులో బుట్టతో ఎక్కినావిడ దగ్గర ఉడకబెట్టిన వేరుశనగకాయలు కొన్నాను. పొట్లం పది రూపాయలే. మా బస్టాండులో అదే డబ్బుకు అందులో సగం ఇస్తారు. జెసింతతో నా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఫోన్లో సుధాకర్‌తో తెలుగులో మాట్లాడుతుంటే ఆమె కిటికీ బయటికి చూస్తూ కూర్చునేది.

పెరియకుళంలో దిగేసరికి కొడైకెనాల్ కొండలు ఊరి మీదికి వంగి చూస్తున్నట్టున్నాయి. వెంకటసామి నాయుడుగారు తోట గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, కాళ్లకు చెప్పులు లేవు.

"నూజివీడా? మాయిడిపండు ఊరి ఆడబిడ్డ మా తోటకు వస్తే, నేనేమి పెట్టాల?" అంటూ ఇమాం పసందు కోయించారు. తిన్నాక మా చిన్నరసాన్ని వెనకేసుకు రావడానికి నాకు కొంచెం మొహమాటమైంది. అయినా వెనకేసుకొచ్చాను. ఇది కోసుకుని తినే పండు, మాది పిసికి పీల్చుకునే పండు, రెంటికీ పోటీ ఏమిటన్నాను. ఆయనకు ఆ తీర్పు నచ్చింది.

చెట్టు కింద మంచం వాల్చి, ఆయన చొక్కా గుండీకి నా బుల్లి మైకు తగిలించి రికార్డింగు మొదలుపెట్టాను. మాటకారి ఆయన. పనివాళ్లతో తమిళం, బ్యాంకువాళ్లతో ఇంగ్లీషు, చెట్లతో మాత్రం తెలుగు అన్నారు. "కాయనప్పుడు తిట్టాల గదమ్మా. తిట్టను ఇంట్లో బాస మాదిరి ఇంగోటి రాదు." తాతగారు కాలెపాడు మామిడి అంటు ఎక్కణ్ణుంచో ఎద్దులబండిలో తడిగుడ్డ చుట్టి తెచ్చిన సంగతి మొదలుపెట్టారు. బండి ఏటి ఒడ్డుకు చేరింది. ఏట్లో నీళ్లు పెరిగాయి.

"కరంటు వచ్చె!"

ఆయన కేకకు నేను మంచం మీద నుంచి దిగ్గున లేచాను. మైకుతో సహా ఆయన పరుగు. మోటారు గుర్రుమని మొదలైంది. ఆ కరెంటు ఇస్తే ఇచ్చినట్టట, మళ్లీ ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఆపడానికి లేదు. మిగతా కథంతా ఆ హోరు మీద నుంచి కేకలు వేసి చెప్పారు. నా రికార్డింగులో ఎద్దులబండి ఏరు దాటిందో లేదో దేవుడికే తెలియాలి.

భోజనాలకు ముందు ఇంకొకటి జరిగింది. జెసింత అరుగు మీద కూర్చుని పండు కోసుకుంటోంది. నాయుడుగారు ఆమె పక్కనే నిలబడి నన్నడిగారు, తెలుగులో: "ఈ పిల్ల ఎవురమ్మా? మదురైలో ఏ పక్కం? వాండ్లేమిటోళ్లు?"

"నాకు తెలియదండీ. నాతో పాటు పరీక్ష రాసింది" అన్నాను.

"అడగాల గద. కూడ తిరిగేటప్పుడు తెలుసుకోవాల" అన్నారు, నా మేలు కోరే గొంతుతోనే. తర్వాత ఆమెకేసి తిరిగి తమిళంలో ఏదో నవ్వుతూ పలకరించి, ఇంకో పండు చేతిలో పెట్టారు. ఆమె కూడా నవ్వింది. నాకు ఇబ్బందిగా అనిపించింది గానీ, ఆమెకు అర్థం కాలేదు కదా అని సర్దుకున్నాను. వచ్చేటప్పుడు ఆయన మా ఇద్దరికీ చెరో సంచీ పళ్లు ఇచ్చారు. నా సంచీకీ ఆమె సంచీకీ తేడా లేదు.

మదురై బస్సు

బస్సు ఊరు దాటింది. పళ్ల సంచులు మా కాళ్ల మధ్య దొర్లుతున్నాయి. జెసింత దొర్లిన పండొకటి తీసి సంచీలో వేసింది. తర్వాత నా వైపు తిరగకుండానే, మెల్లగా, స్పష్టమైన తెలుగులో అంది:

"అక్కా, ఆయన అడిగె గదా, మేమేమిటోళ్లమని. నీకు తెలవదంటివి. నేను సెప్తాను."

నా చేతిలోని నీళ్ల సీసా ఒళ్లో పడింది. మూత తీసి ఉందేమో, చీరంతా తడిసింది. ఆమె తన చున్నీ తీసి తుడుస్తూ చెప్పుకుపోయింది.

"మా అవ్వ కార్పరేషన్లో వీధులు ఊడ్సేది. మా తాత కూడ. మా నాయన ఇప్పుడు మార్కెట్లో చిన్న లారీ తోల్తాడు. మా ఇండ్లల్లో మాట్లాడేది ఇదే. బయట మాట్లాడము."

"ఎందుకని?"

"మా మాదిరోళ్లు మదురైలో తెలుగు మాట్లాడితే, ఏ వీధి అని ఎవురూ అడగక్కర లేదక్కా. తెలిసిపోవును. ఇస్కూల్లో ఒకసారి మా అమ్మ నన్ను గేటు దగ్గర తెలుగులో పిలిసె. మరుసటి దినం నా పక్కన కూకునే పిల్ల వేరే బెంచీకి పోయె. నేను మా అమ్మ మీద కోపం సేసుకుంటిని. ఆ పిల్ల మీద రాలేదు కోపం, సూడు."

నాకు ఈ నేలమీద తెలుగు వినబడితే పండగ. రంగనాయకమ్మకు అది ఇంటి గుట్టు, కొంచెం సిగ్గు, చాలా ముద్దు. ఈ అమ్మాయికి అదే మాట మెడలో వేలాడే చీటీ. ఒకే భాష కదా అనుకున్నాను. కాదు.

"మరి నాకెందుకు చెప్పావు?" అన్నాను.

"నువ్వు తెలవదంటివి గద. అడిగి తెలుసుకుంటానని అనుంటే సెప్పుండను" అని, తడి చున్నీ పిండుతూ, "నీ తెలుగు ఇంటా కూకుంటే నోరు దురద పుట్టె" అని నవ్వేసింది.

మాట్టుతావణి

మదురై చేరి టౌన్ బస్సులో మాట్టుతావణికి వచ్చాం. ఒక పక్క బస్సులు, ఇంకో పక్క కూరగాయల మార్కెట్టు. ఉల్లిపాయ వాసన, డీజిలు వాసన, ఎక్కడి నుంచో మల్లెల వాసన కలిసి వచ్చాయి. ఆటో అతను నన్ను తమిళంలో ఏదో అడిగితే అలవాటుగా గట్టిగా తెలుగులో జవాబిచ్చాను. జెసింత నా మోచేయి నొక్కింది. అప్పట్నుంచి వీధి మలుపు తిరిగేదాకా నోరు కుట్టేసుకున్నాను. వార్తలు చదివే నోటికి అది చిన్న శిక్ష కాదు.

వాళ్ల ఇల్లు మేడ కాదు, గుడిసె కాదు. రెండు గదులు, ముందు సిమెంటు మెట్టు, గోడ మీద ఏసు పటం, దాని కింద ప్లాస్టిక్ రోజాలు. తల్లి ఒక ఆసుపత్రిలో పనికి వెళ్లింది. మెట్టు మీద అవ్వ కూర్చుని ఉంది. పేరు అన్నమ్మ. జెసింత మెట్టు దగ్గర చెప్పులు విప్పి, తెలుగులో అరిచింది: "అవ్వా! ఆంధ్రా నుంచి ఒక అక్క వచ్చుండాది!"

"తెలుగక్కా?" అవ్వ నా చేతులు పట్టుకుని వాసన చూసినట్టు మొహం దగ్గరికి తీసుకుంది. "ఏదీ, మాట్లాడు."

ఏం మాట్లాడాలో తెలియక వాతావరణం వార్త చదివాను, కేబుల్లో చదివినట్టే. కోస్తా జిల్లాల్లో అక్కడక్కడా ఓ మోస్తరు జల్లులు. అవ్వ పడీ పడీ నవ్వింది. "కోయిల్లో పాదిరి అయ్యగారు ప్రసంగం సేసినట్టు ఉండాది. ఒక ముక్క అర్తం కాలేదు."

ఆ పూట ఎండుచేపల పులుసు, వేడి అన్నం. మేము ఎండుచేపలంటాం. అవ్వ ఇంట్లో "ఉప్పుచాప" అంటుంది, కొట్లో అడిగేటప్పుడు "కరువాడు" అంటుందట. ఇక్కడ నా ఆవకాయకు అసలైన ఆదరణ దొరికింది. అవ్వ దాన్ని కూరలాగా కలుపుకుంది.

తిన్నాక తమలపాకు నములుతూ ఒక సంగతి చెప్పింది. పెళ్లైన కొత్తలో బట్టల కొట్ల వీధి ఊడ్చేదట. ఒక కొట్టు ఆసామి ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. ఈమెకు రాదనుకుని ఒకరోజు పెళ్లాంతో, "దానికి నిన్నటి ఇడ్లీ పెట్టు, ఈపొద్దువి లోపల పెట్టు" అన్నాడు.

"నేను సీపురు కింద పెట్టి, 'అయ్యా, నిన్నటివి మీరు తినండి, నాకు ఆకలి లేదు' అంటిని. ఆయన మొగం సూడాల! లోపల ఆయమ్మ నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పారేసె. అప్పట్నుంచి నేను వీధిలో ఉంటే, ఆయన సొంత పెండ్లాముతో కూడ అరవమే మాట్లాడే!"

నాకు కళ్లల్లో నీళ్లొచ్చేంత నవ్వొచ్చింది. వెంటనే ఇంకో ఆలోచనా వచ్చింది. నా దగ్గరున్నది మోటారు హోరు. ఇదిగో, బంగారంలాంటి ముచ్చట. "అవ్వా, దీన్ని రికార్డు చేసుకుని కాలేజీలో వినిపించనా?" అన్నాను.

"నాకేమి? నా మనవరాలిని అడుగు" అంది అవ్వ.

జెసింత అప్పటికే తలూపుతోంది. "వద్దక్కా. వద్దు." గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది.

నేను బాధపడ్డానని ఒప్పుకోవాలి. సీటు చేతికందినట్టే అంది జారిపోయింది. సాయంత్రం జెసింత నన్ను జిగర్‌తండా తాగించడానికి తీసుకెళ్లింది. పాలు, ఐస్‌క్రీము, బాదం జిగురు, చల్లగా గొంతు దిగుతుంటే ఇద్దరం ఇంగ్లీషులో వాన గురించి మాట్లాడుకున్నాం. డబ్బులు ఆమే ఇచ్చింది, నన్ను ఇవ్వనివ్వలేదు.

మెట్టు మీద

తెల్లారి లేచేసరికి జెసింత పక్క మీద లేదు. కూరలావిడ దగ్గరికి మార్కెట్‌కు వెళ్లిందేమో అనుకున్నాను. బయటికి వస్తే మెట్టు మీద అవ్వ, కింద నేల మీద జెసింత, మధ్యలో ఫోను. నన్ను చూసి జెసింత వేలు పెదవి మీద పెట్టింది. వాకిలి పక్కనే ఆగిపోయాను.

"అయినంక?" అంది జెసింత.

ఇడ్లీల కథ అప్పటికే అయిపోయినట్టుంది. అవ్వ నవ్వడం లేదు.

"అయినంక ఏముండాది. కొన్ని దినాలు పోయె. ఆయన కొట్టుకు పోతే, ఆయమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడె. 'మీ ఇండ్లల్లో పులుసు ఎట్ల కాస్తారు' అనె. నేను సెప్తిని. మరుసటి దినం ఇంగోటి అడిగె. ఆమెకు ఆ వీధిలో మాట్లాడను మనిషి లేదు, పాపం. ఆమె గడప మీద, నేను వీధిలో. అట్ల ఎన్నో ఏండ్లు మాట్లాడుకుంటిమి. నీ నాయన పుట్టినప్పుడు పాత సీర ఇచ్చె, మెత్తగుండేది, సుట్టను."

"లోపలికి పిలిసెనా అవ్వా?"

"లేదు."

"నువ్వు అడగలేదా?"

"యాల అడుగుతాను? ఆమె పిలవలేదు. నేను అడగలేదు. మాట మట్టుకు ఆగలేదు." అవ్వ చీర చెంగుతో నోరు తుడుచుకుంది. "ఆమె సచ్చిపోయినప్పుడు ఆ ఇంటి ముందర నిలబడి ఏడిస్తిని. వీధి అంతా జనం. ఊడ్సేది ఎందుకు ఏడుస్తా ఉండాదని ఎవురూ అడగలేదు. నేనూ సెప్పలేదు."

ఈ సగం నిన్న నాకు చెప్పలేదు అవ్వ. వచ్చిన చుట్టానికి నవ్వు పెట్టి పంపింది. మిగతాది మనవరాలి కోసం దాచుకుంది. నిన్న జెసింత వద్దన్నప్పుడు నాకు కలిగిన ఉక్రోషం అక్కడే, ఆ వాకిట్లోనే దిగిపోయింది.

జెసింత ఫోను ఆపి ఒళ్లో పెట్టుకుంది. "అక్కా, దరఖాస్తులో నా భాష తమిళమని రాసినాను" అంది.

"మార్చుకోవచ్చేమో, అడుగుదాం."

"మార్సేది కాదు సంగతి. ఇది ఇనిపిస్తే అందురికీ తెలిసిపోవును. రెండేండ్లు అక్కడ ఉండాల."

వినిపించు అనడం నాకు సులువే. ఆ రెండేళ్లు బతకాల్సింది తను. అవ్వ మాత్రం ఆవులిస్తూ, "ఇనిపిస్తే ఇనిపించు, లేకుంటే పో. పొయ్యి మీద నీళ్లు పెట్టినాను, ముందు తానం సెయ్యి" అంది.

మళ్లీ పీలమేడు

రేడియో కేంద్రంలో ఒక చల్లటి గది. ముగ్గురు అధ్యాపకులు, దరఖాస్తుదార్లమంతా గోడవార కుర్చీల్లో. నా వంతు ముందొచ్చింది. నాయుడుగారి ముచ్చట పెట్టాను. "కరంటు వచ్చె!" కేకకు భాష రానివాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. తర్వాత హోరు, దాని మీద ఆయన అరుపు. ఇంత చెడిపోయినదాన్ని ఎందుకు తెచ్చారని అడిగారు. ఆయన కథ కోసం కరెంటు ఆగదని, కరెంటు కోసం ఆయన కథ ఆపలేదని, రైతు మాట్లాడే తీరే అదని చెప్పాను. ఒకాయన నవ్వారు. ఇంకొకావిడ ఏదో రాసుకున్నారు, నవ్వలేదు.

జెసింత లేచింది. ఏది పెడుతుందో నాకూ తెలియదు. కూరలావిడ రికార్డింగు కూడా ఆమె దగ్గర ఉంది, బయల్దేరే ముందు వెళ్లి చేసుకొచ్చింది. మీట నొక్కింది. అవ్వ గొంతు గదంతా నిండింది.

ఐదు నిమిషాలూ ఆమె నేల చూపులు చూడలేదు. స్పీకరు వైపే చూస్తూ నిలబడింది. అయ్యాక నవ్వని ఆవిడ అడిగారు: "మీ దరఖాస్తులో తమిళం అని ఉంది. ఇది ఏ భాష?"

"తెలుగు, మేడం. మా ఇంట్లో మాట్లాడేది. ఆమె మా అవ్వ. వీధులు ఊడ్చేది." ఇంగ్లీషులోనే చెప్పింది, ఒక్కో మాటా విడదీసి. "దరఖాస్తులో తమిళం రాసినప్పుడు అబద్ధం రాయలేదు. రెండూ నావే. ఒకటి చెప్పడం ఇవాళ మొదలుపెట్టాను."

గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాంటివి సినిమాల బయట జరగవు. రికార్డింగులో అవ్వ ఆఖరి వాక్యం ఆవిడ మళ్లీ వినిపించమన్నారు, అర్థం చెప్పమన్నారు. జెసింత చెప్పింది. గోడవార కూర్చున్న ఒక అబ్బాయి కుర్చీలో కొంచెం కదిలాడు. ఒకమ్మాయి వాటర్ బాటిల్ ఆమెకు అందించింది. అంతే.

బయటికొచ్చాక ఆమెకు క్యాంటీన్లో టీ తాగించాను. "అక్కా, భయపడితిని. కనపడెనా?" అంది. కనపడలేదన్నాను. నిజంగానే కనపడలేదు.

ఆ సాయంత్రం రంగనాయకమ్మను అడిగాను, సీటొస్తే మేడ మీది గది మా ఇద్దరికీ అద్దెకిస్తారా అని. జెసింత తెలుగు పిల్లేనని, ఇంటివాళ్లు ఎవరో కూడా ఏమీ దాచకుండా చెప్పాను. దాచమని జెసింత అనలేదు. "సెప్పి అడుగు అక్కా" అంది. రంగనాయకమ్మ నా చేయి పట్టుకుంది. ఆమె మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. "నీకైతే ఇప్పుడే తాళం ఇస్తును. ఇంట్లో పెద్దోళ్లుండారు గదా. అడిగి సెప్తాను" అంది. దారిలో తినమని పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ పొట్లం కట్టి ఇచ్చింది. గది సంగతి చెప్పడానికి ఆ తర్వాత ఫోను రాలేదు.

నూజివీడు

ఇంటికొచ్చేసరికి రసాల కాలం అయిపోవచ్చింది. సుధాకర్ కూరల సంగతి "చూద్దాం" దగ్గరే ఉంది. రోజూ కాలేజీ వెబ్‌సైటు తెరవడం, మూయడం. ఒక మధ్యాహ్నం దుకాణంలో కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"అక్కా! లిస్టు వచ్చె! నీ పేరుండాది. నా పేరుండాది. నీది కడసీది, అయినా ఉండాది!"

వెనకాల మార్కెట్టు గోల వినిపిస్తోంది. నేను లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాను. సుధాకర్ ఎవరికో మోటారు చూపిస్తూ నా మొహం చూసి, ఆ మనిషిని అలాగే వదిలేసి వచ్చాడు.

"గది కూడ సూసొచ్చినాను అక్కా. నువ్వు దిగిన ఆ అమ్మ ఇంటికి రెండు వీధుల ఆవల. కింద ప్రింటింగ్ ప్రెస్సు, సద్దు సద్దు. నేను అన్నీ ముందే సెప్పేస్తిని, మేమెవురమో, ఏమి మాట్లాడతామో. ఓనరు, 'బాడుగ ఎప్పుడిస్తారు, అది సెప్పు' అనె."

ఇంతలో ఫోను అవ్వ లాక్కున్నట్టుంది. ఊపిరి గట్టిగా వినబడింది.

"ఏమ్మా వార్తలమ్మా! ఇద్దురూ సదువుకోండి. దానికి నువ్వు తెలుగు రాయను నేర్పు, అది నీకు అరవం నేర్పును. అదంతా సరి. వంట ఎవురు సేసేది? దానికి నీళ్లు కాయను కూడ రాదు. అది మట్టుకు ఇప్పుడే మాట్లాడుకోండి."